చెరోకీ ‘త్స’ అక్షరాన్ని కంప్యూటర్‌లో సరిగ్గా ఎక్కించడం ఎలా?

ఈ ప్రశ్న నాకు ఏడాదికి నాలుగైదు సార్లయినా వస్తుంది. అడిగేవాళ్ళలో కొందరు అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రంలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు. పిల్లల బడి ప్రాజెక్టులో, అక్కడి మూలవాసులైన చెరోకీల లిపిలో ఒక మాట రాయాల్సి వస్తుంది. మరికొందరు సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగులు. తాము తయారుచేసిన ఫారంలో ఏ లిపి రాసినా నిలుస్తుందో లేదో చూడడానికి చెరోకీని ఎంచుకుంటారు. ఇద్దరూ చివరికి అడిగేది ఒకటే: “అక్షరం కనిపిస్తోంది కానీ సరైనదేనా?”

నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. మా అక్క కొడుకు ఒక్లహోమాలోని తుల్సా నగరంలో చదువుతున్నప్పుడు వాడి పోస్టరుకు శీర్షిక తయారుచేసి పంపాను. చెరోకీ భాషకు ఆ భాషలో ఉన్న పేరు ‘త్సలగి’, మూడే అక్షరాలు. ఒక పాత పుస్తకం స్కానులోంచి కాపీ చేసి అతికించాను. పోస్టరు అందంగా వచ్చింది. వాడు ఆ ఫైలును ఫోనులో చదివి వినిపించే సదుపాయానికి ఇస్తే అది “జీ డబ్ల్యూ వై” అని చదివింది. స్కానులోని బొమ్మను అక్షరాలుగా మార్చిన సాఫ్ట్‌వేర్ వాటిని ఇంగ్లీషు అనుకుంది, నేను నా కళ్ళను నమ్ముకున్నాను. అప్పటి నుంచి ఈ పనిలో కంటికి కనిపించేదాన్ని పక్కన పెట్టి, ప్రతి అక్షరానికీ కంప్యూటర్‌లో వెనక ఉండే సంఖ్యను మాత్రమే నమ్ముతున్నాను. కింద చెప్పేదంతా ఆ సంఖ్యను పుట్టించడం, దాచడం, సరిచూడడం గురించే.

ఈ వ్యాసంలో చెరోకీ అక్షరాన్ని ఎక్కడా అతికించలేదు, కావాలనే. అతికిస్తే కాపీ చేసుకుని వెళ్ళిపోతారు. మీ ఫోనులో ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బా మాత్రమే కనిపిస్తుంది. మీరే పుట్టించుకోండి, రెండు నిమిషాల పని.

ముందుగా తెలియాల్సినంత

ఈ లిపిని 1821 ప్రాంతంలో సెక్వోయా అనే చెరోకీ వ్యక్తి రూపొందించాడు. 1828లో దీనితో పత్రిక కూడా అచ్చయింది. ఇది అక్షరమాల కాదు, ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి ధ్వనికి. మనం ‘గి’ రాస్తే కంప్యూటర్‌లోకి వెళ్ళేవి రెండు: గకారానికి 3095, గుడికి 3135. చెరోకీ ‘గి’ మాత్రం ఒకే సంఖ్య, 5033. ఒత్తులు లేవు, గుణింతాలు లేవు, అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకోదు. తెలుగు టైపింగుతో తంటాలు పడ్డవాళ్ళకు ఇది సెలవు రోజులాంటిది.

ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు ఇలా సంఖ్యలు కేటాయించే ప్రమాణం పేరు యూనికోడ్. అందులో చెరోకీ 1999లో చేరింది. 5024 నుంచి 5109 వరకు ఉన్న సంఖ్యలు దాని మామూలు అక్షరాలు. మనకు కావలసిన ‘త్స’ సంఖ్య 5091. కొన్ని ప్రోగ్రాములు పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, అంటే హెక్స్‌లో అడుగుతాయి, అప్పుడు అది 13ఈ3. ఇక్కడ తెలుగులో రాశాను కానీ కీబోర్డు మీద కొట్టాల్సింది 1, 3, ఇంగ్లీషు అక్షరం ఈ, 3.

కావలసినవి

ఒక కంప్యూటర్. ఫోనుతోనూ అవుతుంది గానీ సరిచూడడం కష్టం. సాదా టెక్స్ట్ ఎడిటర్, విండోస్ వాడేవాళ్ళకు నోట్‌ప్యాడ్ చాలు. ఏదైనా బ్రౌజరు. ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ కాల్క్‌లలో ఏదో ఒకటి. చెరోకీ ఉన్న ఫాంటు.

ఫాంటు గురించి కంగారు పడకండి. విండోస్ 8 నుంచి ‘గడుగి’ అనే ఫాంటు దానితోపాటే వస్తోంది. చెరోకీ భాషలో ఆ మాటకు అందరూ కలిసి పనిచేయడం అని అర్థం. అంతకు ముందు విండోస్ విస్టాలో ‘ప్లాంటాజెనెట్ చెరోకీ’ వచ్చింది, మాక్‌లోనూ అదే ఉంది. ఏదీ లేకపోతే గూగుల్ వారి ‘నోటో సాన్స్ చెరోకీ’ ఉచితంగా దొరుకుతుంది.

1. అక్షరాన్ని సంఖ్యతో ఖాయం చేసుకోండి

త్స 5091, ల 5043, గి 5033. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకోండి.

ఇక్కడే మొదటి గొయ్యి ఉంది. చెరోకీలో ‘త్లి’ అనే మరో అక్షరం ఉంది, దాని సంఖ్య 5087. అది అచ్చం ఇంగ్లీషు సీ లాగే ఉంటుంది. మనకు కావలసిన ‘త్స’ సీకీ, జీకీ మధ్యస్థంగా, కొసన చిన్న మెలికతో ఉంటుంది. అక్షరాల పట్టికలో వెతికి నొక్కేవాళ్ళు పదిమందిలో ఇద్దరు ముగ్గురు ‘త్లి’ని పట్టుకొస్తారు. పట్టికలో అవి నాలుగు గళ్ళ దూరంలోనే ఉంటాయి మరి. ‘నాహ్’, ‘వ’ అక్షరాలు రెండూ జీ లాగా ఉండి ఇలాగే తికమక పెడతాయి: మొదటిది 5056, రెండోది 5097. పేరు చూసి, సంఖ్య చూసి ఎంచుకోండి. ఆకారం చూసి వద్దు.

2. పుట్టించండి

మూడు దారులు చెబుతాను. మొదటిదే నాకు ఇష్టం, ఎందుకంటే అందులో పొరపాటుకు చోటే లేదు.

మొదటి దారి, బ్రౌజరుతో: నోట్‌ప్యాడ్ తెరిచి ఇంగ్లీషు కీబోర్డుతో ఈ ఒక్క వరుస కొట్టండి.

ᏣᎳᎩ

ఫైలు పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ పెట్టి దాచి, బ్రౌజరులో తెరవండి. మూడు చెరోకీ అక్షరాలు కనిపిస్తాయి. చివరి సెమికోలన్ మరవకండి. ఫైలులో ఉన్నవి అంకెలు, గుర్తులు మాత్రమే కాబట్టి ఏ ఎన్‌కోడింగ్‌లో (అంటే అక్షరాలను ఫైలులో బైట్లుగా రాసే పద్ధతిలో) దాచినా చెడిపోదు. వెబ్ పేజీలో ఒకటి రెండు అక్షరాలే కావాలనుకుంటే ఇక్కడితో మీ పని అయిపోయినట్టే.

రెండో దారి, షీటుతో: ఒక గడిలో సమాన గుర్తు పెట్టి యూనిక్యార్ (UNICHAR) అనే ఫార్ములాకు 5091 ఇవ్వండి. అక్షరం గడిలో పడుతుంది. అయితే అది ఫార్ములా ఫలితం. వేరేచోటికి తీసుకెళ్ళేటప్పుడు విలువను మాత్రమే అతికించే పద్ధతి వాడండి.

మూడో దారి, వర్డ్‌తో: 13ఈ3 కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగు గుర్తులూ ఒక్క అక్షరంగా మారిపోతాయి. లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ ఇదే. ముందు మాటకు ఆనించి కొట్టకండి. ఆ మాటలోని ఇంగ్లీషు అక్షరాలు కూడా సంఖ్యలో భాగమనుకుని మరేదో అక్షరం తెచ్చిపెడుతుంది. లైనక్స్ వాడేవాళ్ళు చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 13ఈ3 కొట్టి స్పేస్ నొక్కితే సరిపోతుంది.

ఆల్ట్ పట్టుకుని అంకెల పలక మీద 5091 కొట్టే అలవాటు కొందరికి ఉంది. వర్డ్‌లో పనిచేస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో మాత్రం చాలా కంప్యూటర్లలో వృత్తం లెక్కల్లో వాడే ‘పై’ గుర్తు ప్రత్యక్షమవుతుంది. 5091ని 256తో భాగించి, మిగిలిన 227వ పాత అక్షరాన్ని అది తెచ్చిపెడుతుంది. ‘పై’ కనిపిస్తే మీ తప్పేమీ లేదు, దారి మార్చండి.

ఒకటి రెండు మాటలు కాదు, పేరాలు రాయాలంటే ఇవేవీ వద్దు. చెరోకీ కీబోర్డు పెట్టుకోండి. విండోస్‌లో రెండు రకాలున్నాయి: ఒకటి చెరోకీ నేషన్ (ఒక్లహోమా చెరోకీల ప్రభుత్వం) అమరిక, రెండోది ఉచ్చారణను బట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవాళ్ళకు రెండోది ఒక పూటలో చేతికి వచ్చేస్తుంది. ఐఫోనులో 2010 నుంచే చెరోకీ కీబోర్డు ఉంది.

3. దాచండి

సాదా టెక్స్ట్‌గా దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, యూనికోడ్ అక్షరాలన్నీ అందులో పడతాయి. కొద్ది అక్షరాలే పట్టే పాత పద్ధతి ఆన్సీ, దాన్ని ముట్టుకోకండి. ముట్టుకుంటే “కొన్ని అక్షరాలు పోతాయి” అనే అర్థంతో హెచ్చరిక వస్తుంది. చదవకుండా సరే అంటే మీ అక్షరాల చోట ప్రశ్న గుర్తులు మిగులుతాయి. ఆ ప్రశ్న గుర్తులను తిరిగి అక్షరాలుగా మార్చే మంత్రం ఎవరి దగ్గరా లేదు. అసలు సమాచారమే పోయింది.

ఎక్సెల్ నుంచి దాచేవాళ్ళు సీఎస్‌వీ రకాల్లో యూటీఎఫ్-8 అని రాసి ఉన్నదాన్నే తీసుకోండి. సాదా సీఎస్‌వీ కూడా అదే జాబితాలో పక్కనే కూర్చుని ఉంటుంది, దాని జోలికి పోకండి.

డేటాబేసు వాళ్ళకు ఒక చిన్న ఊరట. తెలుగు అక్షరాలలాగే చెరోకీ అక్షరాలు కూడా యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు తీసుకుంటాయి. కాబట్టి తెలుగు చెక్కుచెదరకుండా నిలిచే పట్టికలో చెరోకీ కూడా నిలుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎమోజీలు పట్టని పాత మూడు బైట్ల పట్టిక అయినా సరే.

4. సరిచూడండి

దయచేసి ఈ మెట్టు ఎగరగొట్టకండి. తేలికైనది ముందు చెబుతాను.

ఫైలు పరిమాణం చూడండి. కొత్త ఫైలులో ‘త్స’ ఒక్కటే పెట్టి, వెనక స్పేసు గానీ కొత్త వరుస గానీ లేకుండా దాచండి. ఫైలు వివరాల్లో పరిమాణం చూడండి. డిస్కు మీద ఆక్రమించిన చోటు వేరు, అది కాదు.

3 బైట్లు వస్తే అంతా సవ్యం. 6 వస్తే యూటీఎఫ్-8 ముందు మూడు బైట్ల గుర్తు కూడా చేరింది, చాలా పనులకు ఇబ్బంది లేదు. 4 వస్తే యూటీఎఫ్-16లో దాచారు, మళ్ళీ దాచండి. 1 వస్తే లోపల ఉన్నది ప్రశ్న గుర్తో, ఇంగ్లీషు అక్షరమో. మూడు అక్షరాల ‘త్సలగి’ 9 బైట్లు రావాలి. నా మొదటి పోస్టరు మాటను ఇలా కొలిచి ఉంటే 3 వచ్చేది, అక్కడే దొరికిపోయేవాణ్ణి.

తర్వాత సంఖ్యను అడగండి. అనుమానం ఉన్న అక్షరాన్ని షీటులో ఒక గడిలో అతికించి, పక్క గడిలో యూనికోడ్ అనే ఫార్ములాకు ఆ గడిని ఇవ్వండి. జవాబు 5091 అయితే మీరు గెలిచారు. 67 అంటే ఇంగ్లీషు సీ, 71 అంటే ఇంగ్లీషు జీ. 5087 అంటే ‘త్లి’. 43955 అంటే మరో కథ, కిందికి వస్తుంది. ఈ ఫార్ములా గడిలోని మొదటి అక్షరాన్నే చూస్తుంది కాబట్టి ఒక్కో అక్షరాన్నీ విడిగా పెట్టండి.

బైట్ల దాకా దిగాలనుకునేవాళ్ళకు చేతి లెక్క ఇదిగో. 5091ని 64తో భాగిస్తే 79 వచ్చి 35 మిగులుతుంది. ఆ 79ని మళ్ళీ 64తో భాగిస్తే 1 వచ్చి 15 మిగులుతుంది. 224కు 1 కలపండి, 128కి 15 కలపండి, 128కి 35 కలపండి: 225, 143, 163. ఇవే ఆ మూడు బైట్లు. మన ‘క’ సంఖ్య 3093, అదే లెక్కలో 224, 176, 149 అవుతుంది. కాగితం మీద ఒకసారి చేసి చూడండి, తర్వాత యూటీఎఫ్-8 గురించి ఎవరూ మీకు పాఠం చెప్పనక్కర్లేదు. హెక్స్ చూపే ప్రోగ్రాములో మాత్రం ఇవి ఈ1, 8ఎఫ్, ఏ3గా కనిపిస్తాయి.

5. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు: ఎక్కువమంది జారిపడే చోటు

1999లో చేరిన చెరోకీలో పెద్ద, చిన్న తేడా లేదు. 2015లో వచ్చిన యూనికోడ్ 8.0 చిన్నక్షరాలను విడిగా చేర్చింది. పాతవాటిని పెద్దక్షరాలుగా లెక్కగట్టింది. 5024 నుంచి 5103 వరకు ఉన్నవాటికి 38864 కలిపితే చిన్నక్షరం వస్తుంది. అందుకే చిన్న ‘త్స’ 43955. చివరి ఆరింటికి మాత్రం 8 కలిపితే చాలు.

ఇందులో మీకు ఇబ్బంది ఏమిటంటారా? మీ ప్రోగ్రాము వెతుకులాట కోసమో, వాడుకరి పేరు పోల్చడానికో వచ్చిన టెక్స్ట్‌ను చిన్నక్షరాల్లోకి మార్చేస్తుంది. ఇంగ్లీషుకు అది మామూలే, తెలుగుకు ఏ ప్రభావమూ ఉండదు. చెరోకీ మాత్రం 5091 నుంచి 43955కు గెంతుతుంది. 2015కు ముందు తయారైన ఫాంటులో ఆ చిన్నక్షరం ఉండదు కాబట్టి తెర మీద డబ్బాలు వస్తాయి. “నిన్న సరిగ్గా ఉంది, ఈ రోజు డబ్బాలు” అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఇదే. వెబ్ పేజీ శైలిలో అక్షరాలను చిన్నవిగా చూపమని రాసినా ఇదే జరుగుతుంది. తీసేయండి.

ఇంకో మెలిక. పెద్దా చిన్నా తేడా లేకుండా పోల్చడానికి యూనికోడ్‌లో ఒక నియమం ఉంది. దాదాపు అన్ని లిపులనూ అది చిన్నక్షరాల వైపు తిప్పుతుంది, చెరోకీని మాత్రం పెద్దక్షరాల వైపు. పాత అక్షరాలను పోల్చే తీరు ఎప్పటికీ మారకూడదని ముందే మాట ఇచ్చారు మరి. కాబట్టి ప్రోగ్రాము రాసేవాళ్ళు చిన్నక్షరాలుగా మార్చి పోల్చే దగ్గరిదారి వదిలి, పోల్చడానికే ఉద్దేశించిన ఫంక్షన్ వాడండి. పైథాన్‌లో దాని పేరు కేస్‌ఫోల్డ్.

మామూలుగా రాసేవాళ్ళు 5091నే వాడండి, చాలు.

చూసి పోల్చుకోవడానికి

తెర మీద ఏం కనిపిస్తే ఏం జరిగినట్టో చెబుతాను.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. టెక్స్ట్ క్షేమం. డబ్బాను కాపీ చేసి షీటులో సంఖ్య అడగండి, 5091 వస్తే ఫాంటు పెట్టుకుంటే సరి.

తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని వెనక బ్రిటిష్ పౌండు గుర్తు, ఇంకాస్త ముందుకు వెళితే కాపీరైటు గుర్తు కనిపిస్తే, యూటీఎఫ్-8 ఫైలును పాత పశ్చిమ యూరప్ ఎన్‌కోడింగ్‌గా తెరిచారు. 163వ బైటు పౌండుగా, ‘గి’ చివరి 169వ బైటు కాపీరైటుగా అవతారమెత్తాయి. ఏమీ పోలేదు. దాచకుండా మూసేసి, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్ళీ తెరవండి. ఆ చెత్తనే దాచేస్తే మాత్రం పని రెట్టింపవుతుంది.

ప్రశ్న గుర్తులు వస్తే పైన చెప్పాను కదా, పోయినట్టే. మొదటి నుంచి మొదలుపెట్టండి.

అంతా చక్కగా కనిపిస్తోంది, ఫాంటు మార్చగానే ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: ఇది మన డీటీపీ కాలం నాటి వ్యవహారమే. యూనికోడ్‌కు ముందు తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు మీటల మీద తెలుగు ముక్కలు కూర్చోబెట్టినట్టే, చెరోకీకీ అలాంటి పాత ఫాంట్లు ఉన్నాయి. ఎవరైనా పంపిన ఫైలు తీసుకోగానే నేను చేసే మొదటి పని దాని ఫాంటును ఏదైనా మామూలు ఇంగ్లీషు ఫాంటుగా మార్చడం. అసలైన చెరోకీ అయితే చెరోకీగానే ఉంటుంది, లేదా డబ్బాలవుతుంది. ఇంగ్లీషుగా మారిందంటే మేకప్ కడిగినట్టే.

అచ్చుకు పంపేముందు

పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును లోపల పొదగండి. తర్వాత ఆ పీడీఎఫ్‌లోంచే మాటను కాపీ చేసి మళ్ళీ సంఖ్య సరిచూడండి. కనిపించేది ఒకటి, కాపీ అయ్యేది మరొకటి కావడం పీడీఎఫ్‌లలో మామూలే. తెలుగు పీడీఎఫ్‌లతో తలపట్టుకున్నవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు.

సంఖ్యలన్నీ సరిపోయినా మాట సరైనదని కాదు. ‘త్సలగి’ దాటి వాక్యం రాస్తుంటే చెరోకీ చదవగలిగిన మనిషికి చూపించండి. ఒక్లహోమాలో తహ్లెక్వా చెరోకీ నేషన్ రాజధాని, తుల్సా నుంచి కారులో వెళ్ళి రాగలిగిన దూరమే. నార్త్ కరోలినాలోనూ ఈస్టర్న్ బ్యాండ్ అనే చెరోకీ సమూహం ఉంది. ‘త్స’ను చాలామంది ‘జ’కు దగ్గరగా పలుకుతారు, కాబట్టి “జలగి” అని వినిపిస్తే అక్షరం మార్చేయకండి. మన ‘చాప’లో చకారాన్ని, ‘చిలక’లో చకారాన్ని ఒకే అక్షరంతో రాయడం లేదూ!

అచ్చువేసేవాళ్ళకు మూడు పంపండి: ఫాంటు పొదిగిన పీడీఎఫ్, పోల్చుకోవడానికి ఒక బొమ్మ, ఆ మాట ఒక్కటే ఉన్న సాదా టెక్స్ట్ ఫైలు. రెండోసారి పోస్టరుకు నేను అలాగే పంపాను. అక్కడి నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: “ఈ మూడో ఫైలు తొమ్మిది బైట్లే ఉంది, ఖాళీదా?”